హోరు ఎవరిది?

కొన్ని పాటలను పూర్తి శబ్దంతోనే వినాలని రాక్ సంగీతాన్ని ప్రేమించే యువకులు అంటారు. తగ్గించి వింటే ఆ పాట ఆ పాటే కాదంటారు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. శబ్దతీవ్రత కూడా రూపంలో భాగమేననీ, దాన్ని మార్చితే సారం కూడా మారుతుందనీ వాళ్లు తమకు తెలిసిన పద్ధతిలో చెబుతున్నారు. వస్తువు, శిల్పం, భాష, ఛందస్సు, మాండలికం గురించి మన విమర్శ దశాబ్దాలుగా చర్చించింది. పాట ఎంత గట్టిగా వినిపించాలి, ఎవరికి వినిపించాలి, ఆ గట్టిదనం ఎవరి అధీనంలో ఉండాలి అన్న ప్రశ్నను మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. దాన్ని మైకు సెట్టు వాళ్ల వ్యవహారంగా వదిలేసింది.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఈ ప్రశ్న రోజూ వీధిలో ఎదురవుతున్నది. గోనెగండ్లలోనైనా, ఎమ్మిగనూరు, ఆదోని వాడల్లోనైనా పెండ్లి ఊరేగింపులూ వినాయక నిమజ్జనాలూ డీజే లేకుండా జరగడం అరుదైపోయింది. ట్రాక్టరు ట్రాలీ మీద వరసగా పేర్చిన బాక్సులు, వెనక జనరేటరు, ముందు గుంపుగా ఎగిరే యువకులు. కిటికీల రెక్కలు అదురుతాయి, గుండెల్లో దడ పుడుతుంది. ఈ దృశ్యం మీద మన మిత్రుల్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఇది పతనమైన వ్యాపార సంస్కృతి, పోలీసులు ఆపాల్సిందే అనేది మొదటిది. ఏడాది పొడవునా ఎవడి మాటో వింటూ బతికే కూలి యువకుడికి దొరికిన ఒక్క రాత్రి స్వేచ్ఛ ఇది, శబ్దమే వాడి తిరుగుబాటు అనేది రెండోది. రెండో అభిప్రాయం వాళ్లు తమకు తోడుగా రాక్ చరిత్రను తెచ్చుకుంటారు.

ఈ రెండు అభిప్రాయాల్లోనూ ఒకే లోపం ఉంది. రెండూ శబ్దాన్ని దాని పరిమాణంతోనే కొలుస్తున్నాయి. పెద్ద శబ్దం కాబట్టి చెడ్డదని ఒకరంటే, పెద్ద శబ్దం కాబట్టి తిరుగుబాటని మరొకరు అంటున్నారు. హోరు ఎక్కడ పుట్టింది, ఏ శ్రమ నుంచి పుట్టింది, ఎవరి చేతిలో ఉంది, విన్నవాడికి జవాబు చెప్పే అవకాశం ఉందా అనే ప్రశ్నలు వేసుకోకుండా ఏ తీర్పూ నిలవదు.

ముందు రాక్ సంగతి చూద్దాం. ఆ సంగీతానికి హోరు ఆకాశం నుంచి ఊడిపడలేదు. లండన్ పడమటి శివారు హాన్‌వెల్‌లో వాయిద్యాల దుకాణం నడిపిన జిమ్ మార్షల్ డ్రమ్ము వాయించేవాడు, నేర్పేవాడు. అమెరికా నుంచి దిగుమతయ్యే ఆంప్లిఫయర్లు ఖరీదుగా ఉన్నాయనీ, తమకు కావలసిన బలం వాటిలో లేదనీ దుకాణానికి వచ్చే కుర్ర వాయిద్యకారులు చెప్పడంతో 1962లో సొంతంగా ఆంప్లిఫయర్లు తయారు చెయ్యడం మొదలుపెట్టాడు. తర్వాత మూడేళ్లకే ది హూ బృందానికి చెందిన పీట్ టౌన్‌షెండ్ వంటివాళ్ల ఒత్తిడితో వంద వాట్ల యంత్రం వచ్చింది. నృత్యశాలల్లో జనం మాటలను మించి వినిపించాలన్న అవసరం ఈ యంత్రాన్ని పుట్టించింది.

బర్మింగ్‌హామ్ ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. బ్లాక్ శాబత్ బృందం గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా యంత్రంలో పడి కుడి చేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతడు ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగల మీద నొక్కవలసిన వేళ్లు అవే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తీగలు పలచనివి వేసుకున్నాడు, తర్వాతి రికార్డుల్లో వాటి బిగువు సడలించి శ్రుతి దించాడు. 1970 ఫిబ్రవరిలో వచ్చిన ఆ బృందం మొదటి ఆల్బంతోనే హెవీ మెటల్ అనే శాఖ మొదలైందని సంగీత చరిత్రకారులు చాలామంది అంటారు. బరువుగా, నెమ్మదిగా, ఇనుము మీద ఇనుము పడినట్లు వినిపించే ఆ నాదం వెనక ఒక ఫ్యాక్టరీ పట్టణం ఉంది, శ్రమ మింగేసిన రెండు వేళ్లు ఉన్నాయి. పగలంతా యజమాని యంత్రం చేసే చప్పుడు కింద నలిగినవాడు రాత్రి అంతకంటే పెద్ద చప్పుడు తానే చేశాడు. దీన్ని పూర్తి శబ్దంతో వినాలి అంటే అందులో అర్థం ఉంది. తగ్గించి వింటే ఆ ఫ్యాక్టరీ వినపడదు.

1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సభ చివరి రోజు ఉదయం జిమీ హెండ్రిక్స్ ఒక్క మాట కూడా పాడకుండా అమెరికా జాతీయ గీతాన్ని గిటారు మీద వాయించాడు. అతడు స్వయంగా అమెరికా సైన్యంలో పారాట్రూపు దళంలో పనిచేసినవాడు. అప్పుడు వియత్నాం మీద బాంబులు పడుతున్నాయి. గిటారు నాదం స్పీకరులోంచి వచ్చి మళ్లీ గిటారులోకే పోయి కీచుమనే దాన్ని సంగీతకారులు సాధారణంగా లోపంగా చూస్తారు. హెండ్రిక్స్ ఆ లోపాన్నే వస్తువుగా చేశాడు. గీతం మధ్యలో విమానాల రొద, పేలుళ్లు, ఏడుపులు వినిపించాయి. ఒక దేశం తన గురించి చెప్పుకునే గొప్పకూ అది చేస్తున్న పనికీ మధ్య ఉన్న వైరుధ్యం శబ్దరూపంలో బయటపడింది. ఇది తక్కువ శబ్దంతో సాధ్యమయ్యేది కాదు, ఎందుకంటే ఆ కీచు పుట్టడానికే యంత్రం పూర్తి బలంతో పనిచెయ్యాలి. రూపమూ సారమూ ఒకటైన సందర్భం ఇది.

ఇంతవరకు రాక్ పక్షం వహించేవారు చెప్పేది ఒప్పుకోవచ్చు. కానీ కథ ఇక్కడితో ఆగలేదు. 1976 మే 31న లండన్ చార్ల్‌టన్ ఫుట్‌బాల్ మైదానంలో ది హూ బృందం ప్రదర్శన 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్‌గా నమోదై గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఏమి పాడారన్నది వెనక్కి పోయి ఎంత గట్టిగా పాడారన్నదే వార్త అయింది. హోరు సరుకుగా మారిన సందర్భం అది. వినికిడిని పాడుచేసే పోటీకి ప్రోత్సాహం ఇవ్వరాదని గిన్నిస్ వాళ్లే తర్వాత ఆ విభాగం ఎత్తేశారు. తన వినికిడి దెబ్బతిన్నదని టౌన్‌షెండ్ తానే బహిరంగంగా చెప్పాడు.

ఇంకా ముందుకు పోదాం. 1989 డిసెంబరులో అమెరికా సైన్యం పనామా మీద దాడి చేసింది. ఆ దేశ పాలకుడు నోరియేగా వాటికన్ దౌత్య కార్యాలయంలో తలదాచుకున్నాడు. అమెరికా సైనికులు ఆ భవనం చుట్టూ లౌడ్ స్పీకర్లు పెట్టి రోజుల తరబడి రాక్ పాటలు హోరెత్తించారు. 1990 జనవరి 3న నోరియేగా లొంగిపోయాడు. 2001 తర్వాత ఇరాక్, గ్వాంటనామో నిర్బంధ కేంద్రాల్లో ఖైదీలను నిద్రపోనివ్వకుండా వేధించడానికి హెవీ మెటల్ సంగీతాన్ని వాడారు. నోరియేగా ప్రజల మనిషేమీ కాదు. మనం చూడవలసింది వేరే ఉంది. ఫ్యాక్టరీ కార్మికుడి తిరుగుబాటుగా పుట్టిన సంగీతం ఒక్క స్వరం మారకుండా సామ్రాజ్యవాద సైన్యం చేతిలో ఆయుధమైంది. పాట అదే, యంత్రం అదే, డెసిబెల్స్ అవే. మారింది మీట మీద చెయ్యి. స్పీకరు ముందు నిలబడినవాడికి వెళ్లిపోయే హక్కు లేదు, జవాబు చెప్పే గొంతు లేదు.

కాబట్టి హోరు దానంతట అది తిరుగుబాటు కాదు. ఈ మాటను పట్టుకుని మన నేలకు వద్దాం.

తెలుగులో రాక్ ఒక సాంస్కృతిక ప్రవాహంగా వేరూనలేదు. ఎలక్ట్రిక్ గిటారు మనకు ప్రధానంగా సినిమా ద్వారా, అదీ ఎక్కువగా క్లబ్బు దృశ్యాల అలంకారంగా పరిచయమైంది. తర్వాత ఇంజనీరింగ్ కాలేజీల ఉత్సవాల్లో ఇంగ్లీషు పాటలుగా వినిపించింది. పక్కనే బెంగాల్‌లో పరిస్థితి వేరు. 1975లో కలకత్తాలో మొహీనేర్ ఘోరాగులి అనే బృందం పుట్టింది. దాని వెనక ప్రధాన శక్తి అయిన గౌతమ్ చట్టోపాధ్యాయ నక్సల్బరీ రాజకీయాల్లో పనిచేసి జైలుకు పోయి వచ్చినవాడు. గిటారు, బావుల్ గానం, నగర యువకుడి అశాంతి కలిపి ఆ బృందం బెంగాలీ భాషలోనే పాడింది.

అదే ఉద్యమం, అదే దశాబ్దం. తెలుగు నేల మీద ఏం జరిగింది? నగరపు కోపం ఇక్కడ ముందు కవిత్వంలో పేలింది. 1965లో దిగంబర కవుల మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. ఆ కవిత్వాన్ని తిట్టినవాళ్లు కూడా, మెచ్చినవాళ్లు కూడా ముందుగా మాట్లాడింది దాని గొంతు తీవ్రత గురించే. అయితే అరుపు ఎవరి కోసమన్న ప్రశ్నను ఆ కవులే తమకు వేసుకున్నారు. వారిలో నలుగురు 1970లో విరసం ఏర్పాటులో భాగమయ్యారు. 1972లో మొదలైన జననాట్యమండలి గిటారు వైపు చూడలేదు. గొల్లసుద్దులు, ఒగ్గుకథ, వీధి భాగోతం వైపు చూసింది, డప్పు పట్టింది. గద్దర్, వంగపండు పాటలు మైకు లేకుండా పుట్టి మైకులోకి వచ్చాయి. గాయకుడు ఒక చరణం అంటే జనం పల్లవి అందుకోవాలి. జనం అందుకోకపోతే ఆ పాట నడవదు. అంటే ఆ హోరులో సగం వేదికది, సగం మైదానానిది.

బెంగాల్‌లో ఉద్యమం విద్యావంతుల నగరాన్ని గట్టిగా తాకింది, అందుకే అక్కడి ఆ గొంతు గిటారు ఎత్తుకుంది. ఇక్కడ అది పల్లెల్లోకి నడిచింది, పల్లె ఇచ్చిన వాద్యాన్ని ఎత్తుకుంది. ఇక్కడ ఆగి మన రాక్ డప్పే అని గర్వపడటం సులువు. ఆ సులువైన మాటను కూడా పరీక్షించాలి.

ఇతర ప్రాంతాలవారు డప్పు అనేదాన్ని సీమలో తప్పెట అనీ పలక అనీ అంటారు. కొయ్య చట్రానికి తోలు బిగించి చేస్తారు. వాయించే ముందు మంటకు కాచాలి. వేడి తగిలితే తోలు బిగుస్తుంది, గొంతు విచ్చుకుంటుంది. చల్లబడినా, చెమ్మ తగిలినా గొంతు పడిపోతుంది, మళ్లీ కాచుకోవాలి. ఒక చేతిలో పొట్టి కట్టె, మరో చేతిలో సన్నని పుల్ల. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పీర్ల పండగ రాత్రి గుండం చుట్టూ తప్పెట మోగితే హిందువులూ ముస్లిములూ కలిసి అడుగు వేస్తారు. కురువల డొల్లు, గొరవయ్యల డమరుకం కూడా ఈ నేల నాదాలే. వీటి హోరుకు ఒక హద్దుంది. అది వాయించేవాడి భుజం హద్దు. హోరు పెంచాలంటే మరొక మనిషి, మరొక తప్పెట కావాలి. ఎంత హోరు ఉందో అంతమంది మనుషులు అక్కడ ఉన్నట్లు లెక్క.

కానీ ఆ మనుషులు ఎవరు? తప్పెట వాయించడం కళగా కాక కులానికి అంటగట్టిన వెట్టిగా శతాబ్దాలు సాగింది. ఊళ్లో చావుకూ పెండ్లికీ జాతరకూ మాదిగ వాయించాలి. దేవుడి ముందు వాయించాలి, గుడిలోకి రాకూడదు. ఊరి పెద్దల ఉత్తరువును దండోరా వేసి చాటాలి. ఆ ఉత్తరువును నిర్ణయించే చోట మాత్రం అతడికి తావు లేదు. ఊరంతటికీ వినిపించే శబ్దం చేసినవాడి మాట ఊళ్లో ఎవరికీ వినిపించలేదు. పెద్ద శబ్దానికీ అధికారానికీ ముడిపెట్టే వాళ్లు ఈ సంగతిని గమనించాలి. భూస్వామ్య సమాజంలో హోరు చేసేవాడు ఒకడు, హోరు యజమాని ఇంకొకడు. తన పెండ్లికి, తన దేవుడికి, తన వీధి దాటి వాయించుకుంటే మాత్రం అదే శబ్దం నేరమైంది. దళితుల ఊరేగింపులను అగ్రకుల వీధుల్లో అడ్డుకోవడం ఈ దేశంలో ఇప్పటికీ వింటున్న వార్తే.

ఈ ముడిని విప్పింది పాట కాదు, ఉద్యమం. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు ఆ పోరాటం దండోరా అనే పేరుతోనే జనంలోకి పోయింది. పెత్తందార్ల ఉత్తరువును చాటిన వాద్యం వాయించేవాడి సొంత డిమాండును చాటింది. ఆ డిమాండు న్యాయసమ్మతమేనని సుప్రీం కోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 ఆగస్టు 1న ఎస్సీ ఉపవర్గీకరణ తీర్పులో అంగీకరించడానికి ముప్పయ్యేళ్లు పట్టింది. వాద్యం అదే, తోలు అదే. చాటే మాట ఎవరిదన్నది మారింది. పనామాలో రాక్ విషయంలో చూసిన సూత్రమే ఇక్కడ తిరగబడి పనిచేసింది.

ఇప్పుడు మళ్లీ డీజే దగ్గరికి వద్దాం. ఈ పడమటి మండలాలు వానను నమ్ముకున్నవి. గాజులదిన్నె ప్రాజెక్టు గోనెగండ్ల మండలంలోనే ఉన్నా ఆ నీళ్లు అందే పొలాలు కొన్నే. పంట పోయిన ఏడు ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తి తీతలకు, బెంగళూరు కట్టడాల పనులకు కుటుంబాలు తరలిపోతాయి. బెంగళూరులో కాంక్రీటు మిక్సరు పక్కన నెలల తరబడి నిలబడిన యువకుడు జాతరకో పెండ్లికో ఊరికి వచ్చి ఆ రాత్రి బాక్సుల ముందు ఎగురుతాడు. బర్మింగ్‌హామ్ కార్మికుడి కథ ఇక్కడ వినిపించకుండా ఎలా ఉంటుంది? పగలు యజమాని యంత్రం చప్పుడు, రాత్రి తాను కోరుకున్న చప్పుడు. ఈ యువకుణ్ని లుంపెన్ అని ఒక్క మాటలో తోసేసే విమర్శకుడికి శ్రామికుడి అలసట తెలియదనుకోవాలి.

అయితే పోలిక ఇక్కడ తెగిపోతుంది. బర్మింగ్‌హామ్ కార్మికుడు తన చప్పుడు తానే తయారు చేసుకున్నాడు. మన యువకుడు అద్దెకు తెచ్చుకుంటున్నాడు. బాక్సులు ఒకరివి, జనరేటరు ఒకరిది, పాట సినిమా కంపెనీది, దాన్ని తీన్‌మార్ దరువుకు కలిపినవాడు ఎక్కడివాడో తెలియదు. అతడి వంతు డబ్బు కట్టడం, ఎగరడం. ఆ డబ్బు కూడా కూలి డబ్బు, చాలాసార్లు అప్పు. తన జీవితం గురించి ఒక్క మాట ఆ పాటలో లేదు. వలస లేదు, మేస్త్రీ ఎగ్గొట్టిన కూలి లేదు, ఊళ్లో వదిలి వచ్చిన ముసలి తల్లి లేదు. మాట ఉన్నా వినిపించదు, ఎందుకంటే ఆ శబ్దస్థాయిలో చెవికి అందేది దరువు ఒక్కటే.

అన్నిటికంటే పెద్ద వైరుధ్యం ఆ దరువులోనే ఉంది. డీజేలో మోగేది ఏమిటి? తప్పెటే. ఎవరో ఒక స్టూడియోలో ఒకసారి వాయించిన డప్పును యంత్రంలోకి ఎక్కించి వేలసార్లు వాడుతున్నారు. తప్పెట శబ్దం ఊరేగింపులో ఉంది, తప్పెట వాయించేవాడు లేడు. కళ మీది కులముద్ర పోలేదు గానీ దాని మీద వచ్చే నాలుగు రూపాయలు పోయాయి. పెండ్లికి డీజే పిలుస్తారు, చావుకు మాత్రం తప్పెటగాణ్ని పిలుస్తారు. అంటే మార్కెట్టు లాభసాటి భాగాన్ని తీసుకుని అవమానకరమైన భాగాన్ని అతడికే వదిలేసింది. పెట్టుబడి భూస్వామ్యాన్ని కూలదోయకుండా దానితో పొత్తు పెట్టుకుంటుందని మనం సిద్ధాంతంలో చదువుతాం. ఊరేగింపులో దాన్ని చెవులారా వినవచ్చు.

మరో మాట కూడా చెప్పాలి. డీజే ముందున్న చోటు దాదాపు మగవాళ్ల చోటు. స్త్రీలు గడపల దగ్గర నిలబడి చూస్తారు. చంటిబిడ్డను నిద్రపుచ్చే తల్లికి, గుండె జబ్బున్న ముసలాయనకు, పరీక్షకు చదువుకునే పిల్లకు ఆ మీట మీద చెయ్యి లేదు. రాక్ చరిత్ర కూడా ఈ విషయంలో గొప్పదేమీ కాదు. అక్కడా వేదిక చాలాకాలం మగవాళ్లదే. తిరుగుబాటు పేరుతో ఇంట్లో వాళ్ల నోరు మూయించే హోరును తిరుగుబాటు అనలేం.

మరి పోలీసులు ఆపాలనే మొదటి అభిప్రాయం సంగతేమిటి? 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలాల్లో లౌడ్ స్పీకర్లు వాడకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా పండగలకు అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఇతరులకు బలవంతంగా వినిపించే హక్కు భావప్రకటనా స్వేచ్ఛలోకి రాదని 2005 జూలై 18న సుప్రీం కోర్టు చెప్పింది. ఈ నియమాలు అవసరమే. డెసిబెల్ మామూలు లెక్క కాదు. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లు పెరుగుతుంది. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు భరించగల చెవికి 100 దగ్గర పావుగంటే క్షేమమని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. వినోద వేదికల్లో పావుగంట సగటు 100 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. బాక్సుల పక్కనే రాత్రంతా నిలబడే కుర్రవాళ్లలో ఎక్కువమంది కూలీల బిడ్డలే. చెవి పోతే వైద్యానికి వాళ్ల దగ్గర డబ్బు లేదు. అందువల్ల ఇది పైతరగతుల నాజూకు మాట కాదు, శ్రామికుడి ఆరోగ్య ప్రశ్న.

కానీ చట్టం ఎవరి శబ్దాన్ని ముందు కొలుస్తుంది? పాలకపార్టీ సభలో మైకును కొలిచే యంత్రం, దళితవాడ ఊరేగింపులో కొలిచే యంత్రం ఒకటే కావచ్చు, దాన్ని బయటికి తీసే చెయ్యి మాత్రం ఒకేలా కదలదు. అంతేకాక డెసిబెల్ కొలిచే యంత్రానికి గద్దర్ పాటకూ మతవిద్వేషం రెచ్చగొట్టే పాటకూ తేడా తెలియదు. వేరే మతం వాళ్ల ప్రార్థనా స్థలం ముందు ఊరేగింపును ఆపి బాక్సుల గొంతు పెంచడం ఈ దేశంలో వలస పాలన కాలం నుంచీ ఉన్న పద్ధతి. అక్కడ హోరు పనామాలోని స్పీకర్ల కుదురులోనిదే. ఎదుటివాణ్ని లొంగదీయడానికి వాడే శబ్దం అది. చట్టం ఆ శబ్దాన్ని తగ్గించగలదు, అందులోని విషాన్ని గుర్తించగలిగేది విమర్శే.

ప్రజల హోరు ప్రజల దగ్గరే ఉంటుందన్న హామీ కూడా లేదు. 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ధూంధాం డప్పును, గజ్జెను, మైకును కలిపి ఒక ప్రాంతపు ఆకాంక్షను లక్షల గొంతుల్లోకి తీసుకుపోయింది. రాష్ట్రం వచ్చాక 2014లో ప్రభుత్వం సాంస్కృతిక సారథి అనే సంస్థను పెట్టింది. అందులో వందల మంది కళాకారులకు జీతాలు దొరికాయి. ఆకలితో పాడినవాడికి జీతం రావడాన్ని తప్పు పట్టేవాళ్లు తాము జీతం లేకుండా బతుకుతున్నారో లేదో చూసుకోవాలి. కానీ పని ఏమిటి? ప్రభుత్వ పథకాలను పాటగా కట్టి ఊరూరా చాటడం. దండోరా మళ్లీ దండోరా అయింది. ప్రశ్నించిన డప్పు ఉత్తరువు చాటే డప్పుగా మారడానికి దశాబ్దంన్నర కూడా పట్టలేదు. పాడేవాళ్లు మారలేదు, వాద్యాలు మారలేదు, హోరు తగ్గలేదు. మైదానం జవాబు చెప్పే వంతు మాత్రం ఆగిపోయింది.

మరో దారి లేదా? తమిళనాడులో ఉంది. 2018 జనవరిలో చెన్నైలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బృందం మొదటి ప్రదర్శన ఇచ్చింది. సినీ దర్శకుడు పా. రంజిత్ పూనికతో ఏర్పడిన ఈ బృందంలో ఉత్తర చెన్నై బస్తీల గానా గాయకులు, ర్యాప్ పాడేవాళ్లు, పరై వాయించేవాళ్లు, ఎలక్ట్రిక్ గిటారు పట్టినవాళ్లు ఒకే వేదిక మీద నిలబడ్డారు. చావు ఇళ్ల దగ్గర మాత్రమే మోగాలని కులసమాజం నిర్ణయించిన పరై, విదేశీ సంగీతమని జాతీయవాదులు ఈసడించే గిటారు పక్కపక్కన మోగాయి. పాడింది రిజర్వేషన్ల గురించి, పశుమాంసం గురించి, మురికిగుంటల్లో చనిపోయే పాకీ కార్మికుల గురించి. అక్కడ శబ్దం పెద్దదే, దాంతోపాటు వాయించేవాడు కనిపిస్తున్నాడు, మాట వినిపిస్తున్నది. యంత్రాన్ని తిరస్కరించకుండా, యంత్రానికి లొంగకుండా నిలబడటం ఎలాగో ఆ ప్రయత్నం చూపింది. దానికీ పరిమితులు ఉన్నాయి. సినిమా పెట్టుబడి నీడ, నగర వేదిక హద్దు ఉన్నాయి. అయినా ప్రశ్న సరిగ్గా వేసినందుకు దాన్ని గుర్తించాలి.

ఈ చర్చ నుంచి మన రచయితలూ విద్యార్థులూ తీసుకోవలసింది ఏమిటి? పాటను అంచనా వేసేటప్పుడు సాహిత్యపు కాగితం ఒక్కటే చూడటం చాలదు. మూడు ప్రశ్నలు వెయ్యాలి. ఈ శబ్దం చేసిన శ్రమ ఎవరిది, ఆ శ్రమకు ప్రతిఫలం అతడికి దక్కుతున్నదా? దాన్ని పెంచే తగ్గించే అధికారం ఎవరి చేతిలో ఉంది? విన్నవాడు పల్లవి అందుకోగలడా, కాదనగలడా, లేచి వెళ్లిపోగలడా? ఈ మూడు ప్రశ్నలకు నిలబడిన హోరు ఎంత పెద్దదైనా ప్రజలదే. వీటికి నిలబడని పాట ఎంత మెల్లగా పాడినా పెత్తనమే. చెవి పక్కన మెత్తగా వినిపించే ప్రకటన పాట కంటే పెత్తందారీ సంగీతం ఏముంది?

గోనెగండ్ల యువకుణ్ని శబ్దం తగ్గించమని అడగడానికి ముందు మనం అతడికి ఇచ్చిన పాట ఏమిటో చూసుకోవాలి. బెంగళూరు కట్టడాల మీద, మిరపకోతల వలస మీద, ఎమ్మిగనూరులో మూతపడుతున్న మగ్గాల మీద, ఆదోని పత్తి మిల్లుల్లో దూది ధూళి పీల్చే ఆడకూలీల మీద ఊరేగింపులో పాడుకోదగిన పాటలు మనం ఎన్ని రాశాం? రాసినవాటిలో తప్పెటగాడి పక్కన కూర్చుని, అతడి దరువును అడిగి తెలుసుకుని, అతడి పేరు వేసి రాసినవి ఎన్ని? ఖాళీగా ఉన్న చోటును సినిమా కంపెనీ నింపింది. ఆ ఖాళీ మన వైఫల్యం. బాక్సులు కట్టేయిస్తే వీధి నిశ్శబ్దమవుతుంది, ఆ ఖాళీ అట్లాగే ఉంటుంది.

తప్పెట కాచడానికి మంట కావాలి, వాయించడానికి మనిషి కావాలి, మనిషికి కూలీ గౌరవం రెండూ దక్కాలి. దాని పక్కన గిటారు మోగినా, బాక్సులో వినిపించినా అభ్యంతరం లేదు. వాయించినవాడు ఊరేగింపు ముందు నడుస్తూ ఉండాలి. ఎగిరేవాడి నోట తన మాట ఉండాలి. గడపలో నిలబడిన అమ్మ చాలించమంటే చాలించే చెయ్యి మీట మీద ఉండాలి. అటువంటి పాటను కట్టడం ఈ ప్రాంతపు రచయితల ముందున్న పని.